బొడ్డుగొట్టం పిల్లలు

పదహారో ఏడు, పుష్యం 9

ఈ పూట వైద్యగదికి వచ్చినవాళ్ళు: ఉప్పునీటి పుండ్లతో నలుగురు, చెవిపోటుతో ఒకడు, ఏ జబ్బూ లేకుండా నీడలో కాసేపు కూర్చుని పోదామని ముగ్గురు. ఆ ముగ్గురికీ సౌరఫలకల మీద పేరుకున్న ఉప్పు గీకే పని అప్పజెప్పాను. మళ్ళీ కనిపించలేదు.

మధ్యాహ్నం బంగారి కూతుర్ని భుజాన వేసుకుని ఇనప నిచ్చెన ఎక్కి వచ్చింది. బంగారి మా దిమ్మకి గొట్టాల మనిషి. సముద్రం మధ్య ఇనప కాళ్ళ మీద నిలబడ్డ ఈ దిమ్మ మీద నూట తొంభై మందిమి తాగే నీళ్ళన్నీ ఒక్క యంత్రం ఉప్పు తీసి ఇవ్వాల్సిందే. దానికి నీళ్ళు తెచ్చే గొట్టాల్లో నాచూ గుల్లలూ పట్టి మూసుకుపోతూ ఉంటాయి. కెమెరా తోక లోపలికి దింపి, ఎక్కడ మూసుకుందో చూసి, ఆ అడ్డు తీసేది బంగారే. ఇప్పుడు ఐదో నెల. మొగుడు తాతారావు ఎక్కిన వేట పడవ కార్తీకంలో వెళ్ళి ఇక తిరిగి రాలేదు.

"అక్కా, అలివేణికి వాంతయ్యింది. ఎర్రగా ఉందక్కా. గిన్నెడు పడింది."

"ఏం తిన్నాదే?"

"పొద్దున్న నాచుగంజి తాగింది. దాంట్లో ఎరుపేటుంటది?"

"గిన్నెడు కాదు పెద్దమ్మా, అరగిన్నె," అంది అలివేణి భుజం మీంచే. "అమ్మ అన్నీ ఎక్కువ చేసి చెప్తాది."

ఈ పిల్లకి తొమ్మిదేళ్ళు. నీళ్ళ వరసలో ఎవరు ఎవరి వెనక నిలబడాలో నిర్ణయించేది ఇదే. పెద్దవాళ్ళు కూడా ఎదురు చెప్పరు. ఈవేళ మాత్రం మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది. నాడి నిమిషానికి నూట ఇరవై. పొట్ట తడిమితే ఎడమ పక్కటెముకల కింద బల్ల, అంటే ఉబ్బిన ప్లీహం, నా నాలుగు వేళ్ళ వెడల్పున గట్టిగా తగిలింది.

ఈ బల్ల సంగతి నాకు రెండేళ్ళుగా తెలుసు. వాన తొట్లలో దోమలున్నాయి కదా, చలిజ్వరం వల్ల ప్లీహం పెరిగిందనుకుని రెండేళ్ళూ చేదు మాత్రలు మింగించాను. తీరా చూస్తే ఈ రెండేళ్ళలో పిల్లకి ఒక్కసారి కూడా చలిజ్వరం రాలేదు. ఆ ముక్క నాకు ఈవేళ తట్టింది. ముప్పై ఏళ్ళు నర్సు పని చేశానని చెప్పుకోవడానికి సిగ్గేసింది.


పుష్యం 12

మంగళవారం. ఎండ బాగా కాసింది కాబట్టి వైర్‌లెస్ పలికింది. కొండ మీద ఆసుపత్రిలో డాక్టర్ శాంతమూర్తి గారు ఒక్కరే మిగిలారు. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఏడేళ్ళుగా గొంతు మాత్రం ఎరుగుదును.

"కళ్ళు పచ్చబడ్డాయా, నాంచారమ్మ గారూ?"

"లేదండి. తెల్లగానే ఉన్నాయండి."

"పాదాల వాపు? పొట్టలో నీరు?"

"రెండూ లేవండి."

"మలం ఎలా ఉంది?"

"నల్లగా తారులా అవుతోందండి, మూడ్రోజుల్నించీ. ఊరికే గోడకి ఆనుకున్నా ఒళ్ళు కమిలిపోతోంది. వయసుకి తగ్గ ఎత్తు కూడా లేదండి."

గరగరల మధ్య ఆయన గొంతు మళ్ళీ వచ్చింది. 

"కాలేయం బాగానే ఉన్నట్టుంది. దానికి వెళ్ళే దారే మూసుకుపోయింది. పేగుల్లోని రక్తం, ప్లీహంలోని రక్తం అన్నీ కలిసి ఒకే పెద్ద సిరలోంచి కాలేయానికి పోవాలి. పోర్టల్ సిర అంటారు. అది మూసుకుపోతే రక్తం ఆగి కూర్చోదు కదండీ, పక్కదారులు వెతుక్కుంటుంది. అన్నవాహిక అడుగున సన్నటి సిరలుంటాయి, వాటిలోకి ఎగదన్నుతుంది. ఆ ఒత్తిడి ఓర్చుకునే శక్తి వాటికి లేదు. ఉబ్బుతాయి, చివరికి చిట్లుతాయి. దారిలేక ప్లీహం కూడా ఉబ్బుతుంది. దీన్ని పోర్టల్ హైపర్‌టెన్షన్ అంటారు. మీరు చేతికి పట్టీ కట్టి చూసే బీపీలో ఇది కనపడదు."

"మరి ఎందుకు మూసుకుపోతుందండీ, ఇంత చిన్నపిల్లకి?"

"చాలాసార్లు పురిట్లోనే మొదలవుతుంది. బొడ్డు చీము పట్టిందా? పుట్టినప్పుడు బొడ్డు సిరలోంచి ఏమైనా ఎక్కించారా?"

"లేదండీ," అన్నాను.

అబద్ధం చెప్పాను. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. గుండెదడ మాత్రలు ఉంటే పూటకి సగం చొప్పున వెయ్యమన్నారు. అవి ఆ సిరల్లో ఒత్తిడి తగ్గిస్తాయట. పాత పెట్టెలో యాభై నాలుగు మాత్రలు దొరికాయి. గడువు తీరి పదకొండేళ్ళయింది.


పుష్యం 14

రెండు రోజులుగా ఈ పేజీ తెరిచి మూస్తున్నాను. రాయాలి.

దిమ్మ ఎక్కిన మొదటి నాలుగేళ్ళలో ఇక్కడ పుట్టిన పిల్లల్లో పది రోజులు దాటి బతికినవాళ్ళు ముగ్గురే. తల్లులకి పాలు పడేవి కావు. కొలత నీళ్ళు తాగి ఎండలో పనిచేసే ఒంటికి పాలెక్కడ పడతాయి? పడినా పది పన్నెండు రోజులకి గానీ పడవు. చక్కెర నీళ్ళు పడితే విరేచనాలు పట్టుకుని పోయేవారు.

ఐదో ఏట విరిగిన ఓడ ఒకటి మా దిమ్మ కాళ్ళకి కొట్టుకుని ఆగింది. అందులో ఆసుపత్రులకి పోవాల్సిన సరుకుంది. నోటితో పనిలేకుండా రక్తంలోకి నేరుగా ఎక్కించే ఆహారపు సంచులు వందల కొద్దీ ఉన్నాయి. పసిపిల్లల చేతికి సరిపడే సన్న సూదులు మాత్రం లేవు. కానీ పుట్టిన పిల్లకి బొడ్డులో ఒక సిర తెరిచే ఉంటుంది. దాంట్లోకి సన్న గొట్టం జార్చడం నాకొచ్చు. నా చేతి పనితనం మీద నాకెప్పుడూ గర్వమే. అలా పెట్టిన మొదటి బిడ్డ బతికింది. రెండోదీ బతికింది.

గొట్టాలు పద్నాలుగే. ఒకసారి వాడి పారెయ్యాల్సినవే. ఉప్పునీటిలో మరగబెట్టి మళ్ళీ వాడాను. అక్కడితో ఆగినా బాగుండేది. పదో రోజున గొట్టం తీసే వేడుక ఒకటి మొదలైంది. తీసిన గొట్టానికి ఎర్రదారం కట్టి ఆ ఇంటి గుమ్మానికి ఒక రోజు వేలాడదీసేవారు. కడుపుతో ఉన్నవాళ్ళు వచ్చి దాన్ని కళ్ళకద్దుకునేవారు. ఎక్కువ మంది పిల్లల్ని నిలబెట్టిన గొట్టానికి పేరు కూడా పెట్టారు, మాలక్ష్మి అని. అందరికీ మాలక్ష్మే కావాలి. పాలు పడిన తల్లులు కూడా వచ్చి, మా పిల్లకీ పెట్టమ్మా, దిష్టి పోతుంది అని అడిగేవారు. పెట్టాను. దండం పెట్టి అడుగుతుంటే కాదనలేకపోయాననడం అబద్ధం. నాకది బాగుండేది.

అలివేణి పుట్టినప్పుడు నా దగ్గర విప్పని ప్యాకెట్లు ఇంకా రెండున్నాయి. కొత్తది పెడతానన్నాను. బంగారి నా రెండు చేతులూ పట్టుకుని, "కొత్తదానికి ఎవరు పూచీ అక్కా? మాలక్ష్మే పెట్టు," అంది. సరేనని మాలక్ష్మే పెట్టాను. అప్పటికే ఆ గొట్టం ఆరుగురి ఒళ్ళల్లోంచి వచ్చింది.

చిక్కటి ఆహారం, మురికి గొట్టం, పది పన్నెండు రోజులు. సిర లోపల రక్తం గడ్డకట్టడానికి ఇంకేం కావాలి? బొడ్డు సిర నేరుగా ఆ పెద్ద సిరలోకే పోతుంది. నర్సుల బడిలో బొమ్మ వేసి మరీ చూపించారు. మార్కులు కూడా వచ్చాయి.


పుష్యం 19

బరువులు చూస్తానని పేరు పెట్టి గొట్టం పెట్టిన పిల్లలందరినీ పిలిచాను. పుస్తకంలో నలభై ఒక్క పేర్లున్నాయి. వాళ్ళలో ఇప్పుడు ముప్పై మూడు మంది ఉన్నారు. పంతొమ్మిది మందికి బల్ల చేతికి తగిలింది.

తల్లులు వరసగా నిలబడి, నాంచారమ్మ గారి చెయ్యి మంచిది, అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఒకామె నా కాళ్ళకి దండం పెట్టించింది పిల్లాడి చేత. వాడి బల్ల బొడ్డు దాకా వచ్చింది.


పుష్యం 26

మంగళవారం వైర్‌లెస్‌లో నిజం చెప్పాను. డాక్టరు గారు తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"గొట్టం పెట్టకపోతే వాళ్ళు ఉండేవాళ్ళా?" అని అడిగారు.

"చాలామంది ఉండేవాళ్ళు కాదండి."

"కొత్తవైతే ఇంతమందికి మూసుకుపోయేది కాదేమో. కొందరికి అప్పటికీ మూసుకుపోయేది. ఇప్పుడది అనవసరం. లోపల ఎంత ఉబ్బాయో చూడగలరా? అంత సన్న కెమెరా ఏమైనా ఉందా అక్కడ?"

ఉంది, బంగారి దగ్గర. నత్తగుల్లలు చూసే కెమెరా.


పుష్యం 27

కెమెరా తోకని మూడుసార్లు కడిగి, స్పిరిట్‌తో తుడిచి, చేపనూనె రాశాం. చిటికెన వేలంత లావు. మత్తు మందు లేదు. బెజ్జం పెట్టిన చెక్కముక్క పిల్ల పళ్ళ మధ్య పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టాను. నేను తల పట్టుకున్నాను. తోక దింపింది బంగారి. నేను దింపుతానంటే ఒప్పుకోలేదు.

"నీకు గొట్టంలో వంపు చేతికి తెలవదక్కా. నాకు తెలుస్తాది."

నిజమే. నాకంటే నెమ్మదిగా దింపింది. తెర మీద గులాబీ రంగు గోడలు, కింద పడుకున్న జలగల్లా నీలంగా నాలుగు వరసలు. ఒకదాని మీద ఎర్రటి చుక్క. చిట్లింది అక్కడే.

తోక తీశాక అలివేణి పది నిమిషాలు కక్కి, ఏడ్చి, తర్వాత తెర చూపించమంది. చూపించాం.

"ఇవి నావేనా? ఇంత లావున్నాయేంటి?" అని, కాసేపు చూసి, "నీళ్ళ గొట్టాల కంటే నా లోపలే శుభ్రంగా ఉంది," అంది.

బంగారి నవ్వింది. కార్తీకం తర్వాత ఆవిడ నవ్వడం ఇదే చూశాను.


మాఘం 4

డాక్టరు గారు చెప్పిన వైద్యం ఇది. ఉబ్బిన సిరని కెమెరా మూతి దగ్గర ఉన్న చిన్న గొట్టంలోకి పీల్చి, దాని మొదట్లో రబ్బరు ఉంగరం బిగించాలి. బిగించిన చోట సిర ఎండి రాలిపోతుంది. పక్కదారి మూసుకుంటుంది, నెత్తురు కక్కడం ఆగుతుంది. అసలు దారి మాత్రం తెరుచుకోదు.

బంగారి ఐదు రోజులు కూర్చుని చేసింది. కెమెరా మూతికి ఇత్తడి తొడుగు, దాని మీద సాగదీసిన రబ్బరు ఉంగరం, లాగితే ఉంగరం జారేలా దారం, పక్కనే పీల్చడానికి సిరంజి గొట్టం. పనిచేస్తుందో లేదో ముందు ఒక పెద్ద సొర చేప పేగు మీద చేసి చూశాం. మూడోసారికి కుదిరింది.

ఈవేళ అలివేణికి రెండు ఉంగరాలు బిగించాం. మూడోది జారిపోయింది. పిల్ల బల్లచెక్కని ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళు విరిగాయి. అయినా కదల్లేదు.


మాఘం 18

పద్నాలుగు రోజులు. నెత్తురు లేదు, మలం మామూలు రంగుకి వచ్చింది. మాత్రలకి నాడి ఎనభైకి దిగింది. అలివేణి మళ్ళీ నీళ్ళ వరస దగ్గరకి వెళ్ళి అధికారం చలాయించింది. నాకు ఆశ పుట్టింది, రాయకపోతే అబద్ధమవుతుంది.

సాయంత్రం బంగారి వైద్యగదికి వచ్చి, కొత్త ఉంగరాలు నూనెలో వేస్తూ అడిగింది.

"అక్కా, మన గొట్టాల్లో అడ్డు దానంతటది పుట్టదు. నాచన్నా పట్టాల, గుల్లన్నా పట్టాల, లేదా ఎవరన్నా ఏదన్నా వదిలెయ్యాల. దీని లైన్లో ఏం పడిందక్కా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు నెల రోజులుగా తెలుసు. తప్పించుకోవడానికి రెండు మూడు సమాధానాలు తయారు చేసుకున్నాను కూడా. ఆవిడ వేళ్ళ మీద రబ్బరు కోసిన గాట్లు చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. అంతా చెప్పాను. గొట్టం, గడ్డ, సిర, పంతొమ్మిది మంది.

బంగారి చేతిలో ఉన్న ఉంగరాన్ని నూనెలో వేసింది.

"కొత్తది పెడతానన్నావు," అంది. "నేనే ఒద్దన్నాను."

"నువ్వు అడిగితే మాత్రం నేనెందుకు పెట్టాలే? నర్సుని నేను కదా."

ఆ మాట విననట్టే లేచి వెళ్ళిపోయింది. ఉంగరాల డబ్బా మాత్రం మూత పెట్టి నా బల్ల మీదే వదిలింది.


ఫాల్గుణం 1

బంగారి నాతో మాట్లాడడం లేదు. ఉంగరాలు చేసి పంపిస్తోంది. చేతి తొడుగుల మణికట్టు అంచులు కోసి చేస్తోంది, గొట్టాల రబ్బరు ఉప్పుగాలికి పెళుసెక్కి విరిగిపోతోందని. తొడుగులు ఇంక నాలుగు జతలే ఉన్నాయి.

నిన్న ఇంకో పిల్లాడు నెత్తురు కక్కాడు. బొడ్డు దాకా బల్ల ఉన్నవాడు. గంటలో అయిపోయింది. ఆ తల్లికీ చెప్పాను. మిగిలిన తల్లులందరినీ పిలిచి చెప్పాను. రాళ్ళేస్తారనుకున్నాను.  పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయారు. వైద్యగదికి ఇప్పుడు నీడ కోసం కూడా ఎవరూ రావడం లేదు.


ఫాల్గుణం 9

ఆదిలక్ష్మికి పోయిన వారం కొడుకు పుట్టాడు. గొట్టం పెట్టనన్నాను. నా దగ్గర మూడున్నాయి, మూడూ వాడినవే. ఇంకెవరి ఒంట్లోనూ పెట్టనని ఒట్టేసుకున్నాను. ఆదిలక్ష్మి నా తలుపు దగ్గరే కూర్చుని రోజంతా అడిగింది. పాలు పడేదాకా కొద్దికొద్దిగా మరిగించిన నీళ్ళు పట్టమన్నాను. గిన్నె, చెంచా నేనే మరగబెట్టి ఇచ్చాను.

ఎనిమిదో రోజు ఉదయం పోయాడు. పాలు పదో రోజుకి పడతాయేమో.

నేను చేసింది మంచో చెడో ఈ పుస్తకంలో రాయలేను, ఎందుకంటే నాకు తెలియదు.


ఫాల్గుణం 12

డాక్టరు గారిని ఆపరేషన్ సంగతి అడిగాను. మూసుకున్న సిరని దాటించి, రక్తాన్ని మళ్ళీ కాలేయంలోకి మళ్ళించే కుట్టు ఒకటుందట. పిల్లలు పూర్తిగా మామూలవుతారట. ఒకప్పుడు ఆయన పదకొండు చేశారట.

"తీసుకొస్తామండి. ఆరు రోజులు పడవలో, ఒడ్డు నించి మోసుకునైనా వస్తాం. బంగారి మోస్తుంది, నేనూ మోస్తాను."

"రాకండమ్మా. నాలుగేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది నాకు. కుడిచెయ్యి పడిపోయింది. ఈ మీట కూడా ఎడం చేత్తో నొక్కుతున్నాను. ఇక్కడ ఆ కుట్టు తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు."

ఏడేళ్ళుగా ఆ గొంతు వింటున్నాను, ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ ఎలా ఉన్నారని అడగలేదు.


ఫాల్గుణం 23

రెండు రోజుల క్రితం మళ్ళీ ఉంగరాలు వేశాం. బంగారి కెమెరా దింపింది, నేను తల పట్టుకున్నాను. మేమిద్దరం మాట్లాడుకోలేదు. అలివేణే మాట్లాడింది, చెక్కముక్క పెట్టేముందు.

"మీరిద్దరూ మాట్లాడుకోకపోతే నేను నోరు తెరవను."

"తెరువమ్మా," అంది బంగారి.

"నాతో కాదు, పెద్దమ్మతో."

"అక్కా, దీపం కొంచెం ఇటు పట్టు," అంది బంగారి. నేను పట్టాను. పిల్ల నోరు తెరిచింది.

మూడు ఉంగరాలు బిగిశాయి. ఈవేళ పొద్దున్న తొమ్మిదింటికి ఒకటి జారి ఉంటుంది, సిర ఎండకముందే. అక్కడ పుండు ఇంకా పచ్చిగానే ఉండి ఉంటుంది. అలివేణి నీళ్ళ వరస దగ్గర నిలబడి ఎవరితోనో తగువు పడుతూ, మాట మధ్యలో ఆగి వంగింది. ఈసారి గిన్నెలు కాదు. నెత్తురు నేల మీద పడింది, ఇనప పలకల సందుల్లోంచి కిందకి కారింది.

కెమెరా దింపాం. తెర నిండా ఎరుపే. ఏదీ కనపడలేదు. సిరంజికి గాలిబుడగ కట్టి లోపల ఊది, అదిమి పట్టే ఏర్పాటు డాక్టరు గారు చెప్పి ఉన్నారు. అదీ చేశాం. రక్తం ఎక్కించడానికి బంగారిది సరిపోతుంది కానీ ఏడున్నర నెలల కడుపు. నాది ఎక్కించాను, ఒక సంచి. నా చేతి నుంచి పిల్ల చేతికి.

"అరగిన్నే కదా?" అని అడిగింది అలివేణి, కళ్ళు మూసుకునే.

"అరగిన్నేనమ్మా," అన్నాను.

పన్నెండు దాటాక నాడి దొరకలేదు. బంగారి ఇంకా సిరంజి అదిమి పట్టుకునే ఉంది. వేళ్ళు నేనే ఒక్కొక్కటిగా విప్పాను. ఇద్దరం ఏడ్చాం. చాలాసేపు ఏడ్చాం, పెద్దగా, ఎవరు వింటారో అని కూడా చూసుకోకుండా.


పదిహేడో ఏడు, చైత్రం 5

బంగారికి నా నీళ్ళలో సగం పోస్తున్నాను. ముందు తోసేసింది. తర్వాత తాగుతోంది. పెద్దలని పోయి అడిగాను, ఏడో నెల నించీ తల్లులకి నీళ్ళు పెంచితే పాలు ముందే పడతాయి, గొట్టాల అవసరమే ఉండదు అని. వాళ్ళు కాదనలేదు. యంత్రం దగ్గరికి తీసుకెళ్ళి చూపించారు. దాని వడపోత పొర మూడో వంతు చిరిగిపోయింది. పోయిన ఏడు ఇచ్చిన దాంట్లో సగమే ఇస్తోంది ఇప్పుడు. ఎవరి నీళ్ళు తగ్గించాలో మీరే చెప్పండి నాంచారమ్మ గారూ, అన్నారు. వరసలో పిల్లలు నిలబడి ఉన్నారు. వెనక్కి వచ్చేశాను.

బల్ల ఉన్నవాళ్ళు ఇప్పుడు పదిహేడు మంది. మాత్రలు అయిపోయాయి.


వైశాఖం 6

బంగారికి తెల్లారాక ఏడింటికి కాన్పయింది. కొడుకు. రెండు కిలోలు. గట్టిగా ఏడ్చాడు. నెల రోజులు నా నీళ్ళు తాగినా ఆవిడకి పాలు లేవు. పిండి చూశాను. చుక్క రాలేదు.


వైశాఖం 7

ఏడుపు తగ్గింది. నాలుక ఎండుతోంది. మరిగించిన నీళ్ళు చెంచాతో పడితే కక్కేశాడు.

బంగారి గోడకి ఆనుకుని కూర్చుంది.

"అక్కా, గొట్టం పెట్టు."

"పెట్టనే. ఒట్టేసుకున్నాను. నీకు తెలిసి కూడా ఎలా అడుగుతున్నావే?"

"ఆదిలక్ష్మి కొడుకు ఎన్నాళ్ళున్నాడు?"

ఎనిమిదో రోజు పోయాడని ఆవిడకి తెలుసు.

"అలివేణి ఎన్నాళ్ళుంది?"

"తొమ్మిదేళ్ళు."

"తొమ్మిదేళ్ళ మూడు నెల్లు. నడిచింది, మాటాడింది, మనందరి మీదా పెత్తనం చేసింది. అది లేకండా ఉంటే బాగుండేదని ఒక్క రోజు కూడా అనుకోలేదక్కా నేను. నువ్వనుకున్నావా?"

"లేదే."

"అందరికీ మూసుకుపోదు కదా?"

"ముప్పై మూడు మందిలో పద్నాలుగు మందికి బల్ల తగల్లేదు. వాళ్ళకేం కాదని కూడా చెప్పలేను."

"మూసుకుపోతే ఆ తోక మళ్ళీ నేనే దింపుతాను. రబ్బరు ఉండదు, తెలుసు. మాత్రలుండవు, తెలుసు. అన్నీ తెలిసే అడుగుతున్నాను. పెట్టు."

ఉన్న మూడింటిలో తక్కువమందికి వాడినదాన్ని తీశాను. రెండుసార్లు మరగబెట్టాను, మూడోసారి కూడా. ఎర్రదారం ఎవరూ తేలేదు. బొడ్డు మొదలు శుభ్రం చేసి కోశాను. సిర మొదటి ప్రయత్నంలోనే దొరికింది. నా చెయ్యి ఇంకా వణకడం లేదు, అదే నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది.

సంచి సగం ఎక్కేసరికి పిల్లాడు కళ్ళు తెరిచి ఏడవడం మొదలుపెట్టాడు. బంగారి వాడి వైపు చూసి నవ్వింది.

బొడ్డుగొట్టం పుస్తకంలో రాయవలసినది: నలభై రెండు. బంగారి కొడుకు, పేరు ఇంకా పెట్టలేదు. పెట్టిన నర్సు నాంచారమ్మ. ముందరి నలభై ఒకటీ ఏమవుతుందో తెలియక పెట్టాను. ఇది తెలిసి పెట్టాను.